లాకుల దగ్గర ముసలాయన

చాలా ఏళ్లుగా నేనొక ముసలాయన్ని మోస్తున్నాను. రాజోలు పక్కన కాలవ మీద నీళ్లు ఆపి వదిలే లాకులున్నాయి. ఆ లాకుల దగ్గర కూర్చునే ముసలాయన. ఆయనకి పేరు లేదు. ఇల్లు లేదు. అసలు ఆయనే లేడు. ఒక సాయంత్రం మా ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబుగా నా నోట్లోంచి పుట్టాడు. పుట్టినవాడు ఆ పూటకే పోయుంటే నేనిది రాసేవాణ్ణి కాదు. మా ఇంటి మనిషిలా పెరిగాడు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పాలంటే చెబుతున్నంతసేపూ వాళ్ల ముఖం చూడాలి. ఆ ధైర్యం ఇంకా రాలేదు.

నాది సైకిళ్ల దుకాణం. పొద్దస్తమానం వంగి చక్రాలు సరిచేసీ చేసీ, ముప్ఫై దాటకుండానే నడుం పట్టేసింది. అప్పుడు మా ఊరి స్కూలు గ్రౌండులో ఒకాయన యోగా నేర్పడానికి వచ్చారు. తొంభైల మొదట్లో మాట. మెత్తటి మనిషి. ఆసనాలు నేర్పుతూ మధ్యమధ్యలో తిండి గురించి చెప్పేవారు. ఆకులూ, కాయలూ, గింజలూ తింటే ఒళ్లు తేలికపడుతుందనీ, అహింస అనేది కంచం దగ్గర మొదలవుతుందనీ, ఎంత తినాలో కడుపుని అడిగి తినమనీ అనేవారు. కొన్నాళ్లకి నా నడుం నొప్పి తగ్గింది. నిద్ర పట్టింది. కోపం కూడా కాస్త తగ్గింది. ఇందులో అబద్ధం లేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. తప్పంతా నేను విన్న తీరులో ఉంది.

ఆయన వెళ్లిపోయాక ఆ క్లాసు నేను పట్టుకున్నాను. కొబ్బరిపీచు షెడ్డు అరుగు మీద తెల్లవారుజామున చాపలు పరిచేవాళ్లం. జనం నన్ను గురువుగారూ అనడం మొదలెట్టారు. నిన్నటిదాకా పంక్చరేయమన్నవాళ్లే. ఆ పిలుపు ఎంత బాగుండేదో మీకెలా చెప్పను? చేపా మాంసం మానేశాను. గుడ్డు మానేశాను. ఆయన చెప్పకపోయినా ఉల్లీ వెల్లుల్లీ కూడా మానేశాను. ఒక్కోటీ మానేసినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కినట్టుండేది. ఎక్కడికి ఎక్కుతున్నానో మాత్రం చూసుకోలేదు.

మా ఆవిడది సఖినేటిపల్లి వైపు, గోదావరి మీద పడవలు నడిపే కుటుంబం. చేప కళ్లు చూసి ఎప్పుడు పట్టిందో చెప్పగలిగే మనిషి. నేను మానేసిన రోజే తనూ మానేసింది. నేను అడగలేదు. “మీకొకటీ నాకొకటీ ఏం వండుకుంటానండి” అని నవ్వేసింది. దాన్ని నా బోధ మహిమ అనుకున్నాను. ప్రేమ అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

తొలికాన్పుకి పుట్టింటికి పంపడం ఆనవాయితీ. నేను పంపలేదు. అక్కడికి వెళితే చేపలు పెడతారని. పాప రాజోల్లోనే పుట్టింది. పుట్టిన వారానికి మా అత్తగారు బస్సు దిగి వచ్చారు, చేతిలో స్టీలు క్యారేజీతో. అందులో ఏముందో గుమ్మంలోనే తెలిసిపోయింది. సొరపిట్టు. సొరచేపని ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. మా వైపు బాలింతకి పాలు పడాలంటే ముందు అదే పెడతారు.

“ఇది మా ఇంట్లో కుదరదండి అత్తయ్యగారూ. మేం జీవహింస మానేశాం” అన్నాను.

“ఆయ్. మానేసేరండి, తెలుసండి. మరి పిల్ల పాలు చాలక గుక్కపట్టి ఏడుత్తుందంట గదండి.”

“దానికి వేరే మార్గాలున్నాయండి.”

“ఉంటాయండి. ఉండవని నేనన్లేదండి. కానీ ఈ సొర ఎలాగూ పోయిందండి. మనం తినకపోతే మళ్లీ లేచి సంద్రంలోకి ఈదుకుంటా ఎల్లిపోద్దేటండీ?”

మా ఆవిడ మంచం మీంచి కిసుక్కుమంది. నాకు నవ్వు రాలేదు. అహింస గురించి చెప్పాను. ఆహారం మనసవుతుందని చెప్పాను. పాపని ఒళ్లో పెట్టుకుని ఆవిడ చివరిదాకా విని, కూతురి వైపు తిరిగారు.

“నువ్వేటంటావే?”

మా ఆవిడ ముందు క్యారేజీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. “ఆయన చెప్పినట్టేనమ్మా” అంది. ఆ మొదటి చూపు నేను చూశాను. చూడలేదని మీతో కూడా అంటే ఇక ఇది రాయడం దండగ.

“సరేనండి. మీరు గురువుగారండి, మేం పడవలోళ్లం. మాకేం తెలుత్తాదండి” అన్నారు అత్తగారు. అది మర్యాదో ఎత్తిపొడుపో నాకిప్పటికీ తెలియదు. మా గోదావరి వాళ్లు రెండూ ఒకే అండీతో అంటారు. వెళ్లేముందు క్యారేజీ నా చేతిలో పెట్టారు. “మళ్లీ బస్సులో దీన్ని ఎనక్కి మోసుకెల్తే ఊళ్లో ఏం చెప్పనండి? ఆకలిగా ఉన్నోళ్లెవరికైనా పెట్టెయ్యండి. క్యారేజీ మట్టుకు జాగర్తండి.”

ఆవిణ్ణి బస్సెక్కించి, క్యారేజీ హేండిలుకి తగిలించుకుని కాలవగట్టు మీద సైకిలు తొక్కాను. నిజంగానే ఎవరికైనా ఇద్దామనుకున్నాను. ఇది నమ్మండి. లాకుల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. సైకిలు స్టాండేసి రాతిమెట్ల మీద కూర్చున్నాను. మూత ఎందుకు తీశాను? పాడైందేమో చూద్దామని. నాకు నేను చెప్పుకున్న మొదటి అబద్ధం అదే.

ముందు వేలితో తీసుకున్నాను. తర్వాత చేత్తో. వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేగి పిట్టులో కలిసిపోయి ఉన్నాయి. కింది గిన్నెలో పాతబియ్యం అన్నం, బాలింత కోసం మెత్తగా వండింది. అది కూడా తిన్నాను. ఒకావిడ తెల్లవారకుండా లేచి, కూతురి కోసం, ఆ కూతురి పాల కోసం, ఒక్కొక్క రేకా చిదిమి చేసిన దాన్ని, ఆ కూతురికి దక్కకుండా చేసిన నేనే మెట్ల మీద కూర్చుని గిన్నె అడుగు వేలితో తుడిచి మరీ తిన్నాను. అహింస, సత్యం, దొంగిలించకపోవడమనే అస్తేయం అని పొద్దున్నే వరసగా చెప్పేవాణ్ణి. మూడూ కూర్చున్నచోటే పోయాయి.

క్యారేజీ కాలవలో కడిగాను. చేతులు ఇసకతో రుద్దాను. వాసన పోలేదు. గట్టు పక్క కంచె మీంచి దబ్బచెట్టు కొమ్మ ఒకటి బయటికి వాలి ఉంది. గుప్పెడు ఆకులు దూసి చేతుల్లో నలుపుకున్నాను. ఒకటి నమిలాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పాపని జోకొడుతోంది.

“ఎవరికిచ్చేరండి?”

“లాకుల దగ్గర ఎవరో ముసలాయనుంటేను.”

“తిన్నాడా?”

“తిన్నాడు.”

“అంతానా?”

“అంతా.”

“ఉప్పు సరిపోయిందంటా? మా అమ్మ పిట్టులో ఎప్పుడూ తక్కువేత్తాది.”

“అడగలేదు.”

“అదేంటండీ, అడగాలి గదా.” పాపకి దుప్పటి సర్ది, “పోన్లెండి. ఎవరిదో కడుపు నిండింది” అంది. పాపని అందుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది. “దబ్బాకా? బాగుందండి.”

మర్నాడు క్లాసులో ఏం చెప్పానో గుర్తు లేదు. చెప్పానని మాత్రం గుర్తుంది.

తనకి పాలు చాలలేదు. పాపకి డబ్బాపాలే పట్టాం. ఆ పిట్టు తినుంటే పడేవని నేననను. అందరికీ ఒకలా ఉండదని డాక్టరమ్మ అన్నారు. కానీ ఆవిడే నన్ను పక్కకి పిలిచి, బాలింతకి ఇంత చప్పటి తిండి ఎవరు పెట్టమన్నారని చీవాట్లు పెట్టారు. శాకాహారమైతే ఏం, మునగాకు వండండి, నువ్వులూ బెల్లం పెట్టండి, పప్పు గట్టిగా వెయ్యండి, కడుపునిండా తిననివ్వండి అన్నారు. నాకప్పటిదాకా తీసెయ్యడమే తెలుసు. కలపడం తెలియదు. తిండిలోనే కాదు.

ఆ రోజు నుంచీ మునగాకు కోసుకొచ్చి నేనే వండాను. నువ్వులు నేనే దంచాను. తను కోలుకుంది. కానీ పాప డబ్బాపాలు తాగుతున్నప్పుడల్లా తల తిప్పుకునేది. “నా ఒళ్లే అంతండి. పిల్లకి పాలివ్వలేని ఒళ్లు” అనేది. నేను వీపు నిమిరేవాణ్ణి. ఓదార్చేవాణ్ణి. ఓదార్చడం తేలిక. ‘నీ ఒళ్లు కాదు, పస్తు పెట్టింది నేను’ అనడానికి నోరు తెరవాలి. ఒకవేళ తెరిస్తే, ఆ వెనకే క్యారేజీ సంగతి కూడా బయటికొస్తుందని భయం. చిన్న దొంగతనాన్ని దాచడానికి పెద్ద తప్పుని ఆవిడ మీద ఉంచేశాను. నాకు నిద్ర పట్టనివ్వనిది సొరపిట్టు కాదు, ఇది.

ఈలోగా ముసలాయన పెరిగాడు. బస్సు లాకుల మీదుగా వెళ్లినప్పుడల్లా మా ఆవిడ కిటికీలోంచి చూసేది. “ఆయనేనా?” కాదనేవాణ్ణి. పాపకి మాటలొచ్చాక “లాకుల తాత” అని నేర్పింది. పండగలకి నువ్వుండలు కట్టి నాకిచ్చి, ఆయనకివ్వమనేది. లాకుల దగ్గర ఆడుకునే పిల్లలకి పంచేసి వచ్చేవాణ్ణి. “ఏమన్నాడండి?” “బాగున్నాయన్నాడు.” “పళ్లున్నాయా పాపం?” ఆయనకి పళ్లున్నాయో లేవో కూడా నేనే తేల్చాల్సొచ్చేది.

భరించలేక ఒక వానాకాలం ఆయన్ని చంపేశాను. పోయాడట అన్నాను. మర్నాడు మా ఆవిడ పులిహోర కలిపి, పాపని వెంటబెట్టుకుని, నన్ను కూడా లాక్కుని లాకుల దగ్గరికి వెళ్లింది. అక్కడ తలుపులెత్తే మనిషికి ఆకులో పెట్టి, “ఇక్కడ కూర్చునే ముసలాయన పేరు మీదండి, పోయేరంట గదా” అంది. అతను ఆకు అందుకుని, ఎదుటి మనిషి మాట కాదనలేని మా కోనసీమ మర్యాదతో తలాడించాడు. “ఆయ్. పాపం, మంచోడండి.”

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. అక్కడితో ఆయన పూర్తిగా మనిషైపోయాడు. ఇక నేను కాదన్నా చెల్లదు.

ఆ మధ్యాహ్నం తర్వాత నేను మళ్లీ చేప ముట్టలేదు. దాన్ని నిష్ఠ అనకండి. మొదట్లో భయం. తర్వాత అలవాటు. ఇప్పుడిప్పుడే ఇష్టం. ఇంట్లో పెసలు మొలకెత్తుతాయి, అరటిపువ్వు కూరుంటుంది, లేత కొబ్బరుంటుంది. నడుం బాగుంది. మా ఆవిడ నాకంటే తేలిగ్గా నడుస్తుంది. ఈ మంచంతా నిజమే. దీని పునాదిలో ఒక అబద్ధం ఉందని తెలిసింది మాత్రం నాకొక్కడికే.

కొన్నేళ్లుగా ఆడవాళ్ల క్లాసు మా ఆవిడే చెబుతోంది. నాకంటే బాగా చెబుతుంది. ఏదీ మానెయ్యమనదు. “ముందు ఆకుకూర కలుపుకోండి. గింజలు కలుపుకోండి. మానేసేదేదో దానంతటదే మానుద్ది” అంటుంది. మొన్నొక రోజు నేను వెనక చాపలు చుడుతున్నాను. నెలలు నిండుతున్న ఒకమ్మాయి అడిగింది, సొరపిట్టు తినొచ్చా అండీ అని.

“నీ ఇష్టమమ్మా. నీ ఒంటినడుగు, మీ ఆయన్నడక్కు” అంది మా ఆవిడ. అందరూ నవ్వారు.

“మీరు తిన్నారా అండీ?”

“లేదమ్మా. మా అమ్మ తెచ్చింది, ఆకలితో ఉన్నాయనకి పెట్టేసేం. నాకు పాలు పడలేదనుకో. అది నా ఒంటి తీరు. కానీ ఆయన తృప్తిగా తిన్నాడంట. అది తలుచుకుంటే బాగుంటాది.”

చాప నా చేతిలో సగం చుట్టి అలాగే ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ చెప్పాలనుకుంటున్నాను. మా అత్తగారికి చెప్పడం ఎలాగూ కుదరదు, ఆవిడ పోయి రెండేళ్లయింది. మా ఆవిడకి చెబితే ఏం పోతుంది? నా పరువు పోతుంది, పోనీ. కానీ తలుచుకుంటే బాగుంటుందన్న ఆ ఒక్కటీ తన దగ్గర్నుంచి లాక్కోవాలి. ఆ వంకతో ఇన్నాళ్లూ ఊరుకున్నానా, లేక నిజంగానే తన కోసం ఊరుకున్నానా? ఎంత తవ్వినా రెండూ కలిసే వస్తున్నాయి. ఒకటి మాత్రం తెలుసు. ఆయన తృప్తి తనకి మిగిలితే, తన ఒంటి మీద వేసుకున్న నింద కూడా మిగిలిపోతుంది. రెండూ ఒకే క్యారేజీలో గిన్నెలు.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. మిమ్మల్ని అడిగి లాభం లేదు, తనని అడిగే అర్హత లేదు. వంటింట్లో తను మజ్జిగలోకి దబ్బాకు నలుపుతోంది. ఆ వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఇంకాసేపట్లో గ్లాసు పట్టుకుని వస్తుంది, ఏం రాస్తున్నారండీ అంటుంది. ఈ కాగితాలు తన కంటపడకుండా తిప్పి పెట్టను. అంతవరకే ఇవాళ నా చేతనవుతుంది.

నీకు పాలు చాలకపోవడం నీ ఒంటి తప్పు కాదు. లాకుల దగ్గర ముసలాయనెవరూ లేడు. తిన్నది నేను.

ఉప్పు సరిపోయింది.