మౌనం నా హక్కు

మా సీనియర్ వకీలు గారు పోయారని పొద్దున్నే గుమస్తా ఫోన్ చేసి చెప్పాడు. వినుకొండ కోర్టులో నల్లకోటు వేసుకుని ఎలా నిలబడాలన్న దగ్గర్నుంచి అన్నీ నాకు నేర్పిన మనిషి. వెళ్లేసరికి ఆ ఇంట్లో ఏడ్చేవాళ్లెవరూ లేరు. నేనే ఏడ్చాను.

ఆయనకు లాటిన్ న్యాయసూత్రాలంటే పిచ్చి. అందులోనూ ఒకటి మరీ ఇష్టం: "నెమో టెనేటుర్ సెయిప్సుమ్ అక్యుసారే." ఎవరూ తన మీద తానే నేరం మోపుకోనక్కర్లేదని అర్థం. మన రాజ్యాంగంలోనూ ఆ రక్షణ ఉంది. టీ తాగుతూ దాన్ని తన తెలుగులో చెప్పేవారు: "నీ గొయ్యి నువ్వే తవ్వుకుని, పార కూడా కడిగివ్వక్కర్లేదమ్మా."

ఒకసారి కళ్లంలో మిరపకాయల బస్తా పోయిందని ఓ కూలీ మీద కేసు పెట్టారు. ఆదివారం చర్చిలో లేచి, అందరి ముందూ తన పాపాలు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పే అలవాటున్న మనిషి. మేజిస్ట్రేట్ గారు పేరడగ్గానే చేతులు కట్టుకుని, చిన్నప్పుడు దొంగతనంగా కాల్చిన చుట్ట దగ్గర్నుంచి తన పాపాలన్నీ వరసగా ఎత్తుకున్నాడు. బస్తా దాకా రాకముందే మా సీనియర్ గారు లేచి, "అయ్యా, మా క్లయింటు ప్రార్థనలో ఉన్నాననుకుంటున్నాడు" అన్నారు. కోర్టంతా నవ్వింది. తర్వాత వరండాలో అతని భుజం మీద చెయ్యేసి, దేవుడి దగ్గర ఏదీ దాచొద్దనీ, ఇక్కడ మాత్రం రుజువు చేయాల్సింది అవతలివాళ్లేననీ చెప్పారు. ఆ కేసు కొట్టేశారు. బస్తా ఎవరు తీశారో ఆయన ఎన్నడూ అడగలేదు.

భార్య పోయాక ఆ సూత్రాన్ని తనకే వాడుకోవడం మొదలుపెట్టారు. భోంచేశారా అండీ అంటే, "మౌనం నా హక్కు" అనేవారు. నిద్రపట్టిందా అన్నా అదే జవాబు. మిగతా జూనియర్లు నవ్వేవాళ్లు. ఆయన బుగ్గలు లోపలికి పోతుంటే నాకు మాత్రం భయం వేసేది. ఈ మనిషి ఒక్క మాట బయటికి చెబితే బాగుండునని ఎంత ఎదురుచూశానో.

పోయిన నెలలో చెప్పారు. ఆ మధ్యాహ్నం అన్నం, గోంగూర పచ్చడి పట్టుకెళ్లి, ఆయనతోపాటు నేనూ కంచం పెట్టుకున్నాను. తింటూ తింటూ ఆగి, నేనేమీ అడక్కుండానే అన్నారు.

"ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నానమ్మా."

ఇంకాస్త అన్నం వడ్డించాను. అదీ తినేశారు. ఇద్దరి ఎంగిలి చేతులూ ఎండిపోయాయి. చెయ్యి కడుక్కుంటే నేను వెళ్లిపోతానని కాబోలు, ఆయన కంచం ముందునుంచి కదల్లేదు. నేనూ కదల్లేదు.