ఓబులేసు మాకిచ్చిన కరెంటు

2006లో నేను ఉరవకొండ దగ్గర ఒక సెక్షన్‌లో కరెంటు శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. నా ఉద్యోగం సగం లైన్లు చూసుకోవడం, సగం జనం చేత తిట్లు తినడం. బోరులో నీళ్లు ఇంకిపోయినా మమ్మల్నే తిట్టేవాళ్లు.

ఒక నెల మీటర్ రీడర్ వచ్చి, ఓబులేసు ఇంటి రీడింగ్ పోయిన నెల కంటే తక్కువ వచ్చిందన్నాడు. మీటరులో అంకె పెరగాలి గానీ తగ్గడమేమిటి? దొంగతనమే అనుకుని, ఒంటికాలి మీద లేచి వెళ్లాను.

ఓబులేసు చెనిక్కాయ, అంటే వేరుశెనగ పండించే రైతు. రేడియోలు బాగుచేయడం కూడా తెలుసు. మూడేళ్లు వరసగా పంట పోయింది. భార్య తమ్ముడు బెంగళూరులో సోలార్ కంపెనీలో పనిచేస్తాడు. కాడెద్దులు అమ్మేసి, అతని ద్వారా మిద్దె మీద నాలుగు ప్యానెళ్లు, ఒక గ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించాడు. ఎండ నుంచి వచ్చిన కరెంటు ఇంట్లో వాడగా మిగిలితే మా లైనులోకి పంపే పెట్టె అది. మా ఆఫీసులో ఎవరమూ అలాంటిది చూసి ఎరగం.

నన్ను చూసి ఆయనేమీ జంకలేదు. చేయి పట్టుకుని మీటరు దగ్గరికి తీసుకెళ్లాడు. మిట్టమధ్యాహ్నం. పాత మీటరులోని చక్రం నా కళ్ల ముందే వెనక్కి తిరుగుతోంది.

"మా చేన్లో తప్పకుండా పండేది ఎండ ఒగటే సార్. దాన్నే మీకు అమ్ముతాండా. నెలనెలా ఏదో ఇంత దుడ్లు ఇప్పించు. బెంగళూరికి కూలికి పోకుండా ఈడనే బతుకుతాం" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. ఆయనిచ్చిన కరెంటుతో పక్కింట్లో ఫ్యాను తిరుగుతోంది. దానికి పక్కింటాయన మాకు బిల్లు కడుతున్నాడు. న్యాయంగా చూస్తే ఓబులేసుకు మేమే బాకీ. ఆ మాటే పై ఆఫీసుకు రాశాను.

జవాబు రెండు వాక్యాలు. కరెంటు వాడుకునేవాళ్లకు కేటగిరీలున్నాయి, ఇంటి మీద నుంచి అమ్మేవాళ్లకు ఏ కేటగిరీ లేదు. మీటరు వెనక్కి తిరుగుతోంది కాబట్టి వెంటనే ఎలక్ట్రానిక్ మీటరు పెట్టాలి. నేనే దగ్గరుండి మార్పించాను. కొత్త మీటరు తన కరెంటు లెక్క కట్టడానికే వచ్చిందనుకుని ఓబులేసు సంబరపడి కాఫీ ఇప్పించాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గులేకుండా తాగాను.

ఆ మీటరు సంగతి నేను ముందే ఆలోచించాల్సింది. వైర్లు తారుమారు చేసి చక్రాన్ని వెనక్కి తిప్పే దొంగల కోసం తయారైన మీటరది. కరెంటు ఎటు పోయినా ముందుకే లెక్కేస్తుంది. ఓబులేసు మాకిచ్చిన ప్రతి యూనిట్‌నూ ఆయనే వాడుకున్నట్టు ఎక్కించింది. మరుసటి నెల బిల్లు, ప్యానెళ్లు పెట్టకముందు వచ్చేదానికి రెండింతలైంది.

ఆ కాగితం పట్టుకుని భార్య నారాయణమ్మతో ఆఫీసుకు వచ్చాడు.

"ఇచ్చినోన్ని నేను గదా సార్. వాడుకున్నట్ల యాల రాసినారు?"

మీటరు లోపల ఏం జరుగుతుందో వివరించాను. మెకానిక్ కాబట్టి ఒక్కసారికే అర్థమైంది. అర్థం కాకుండా నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తలొంచుకున్నాడు. నారాయణమ్మ మాత్రం నా మొహంలోకే చూస్తూ అంది: "దేవుడు వరమిచ్చినా పూజారి వరమీయడంటారే, అట్లుండాది నీ కత."

ఇన్వర్టరును లైను నుంచి తీసేయించాను, వచ్చిన బిల్లు సవరించమని పై ఆఫీసుకు మళ్లీ రాశాను. మీటరును పరీక్షించాం, సవ్యంగా ఉంది అని జవాబొచ్చింది. అదీ నిజమే. రెండు నెలలకు, బిల్లు కట్టనందుకు కనెక్షన్ తీసేయాల్సిన ఇళ్ల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఓబులేసు పేరుంది. ఆయనకు ఒక కబురు పంపుదామని కూడా తోచలేదు, మిగతావాటితో కలిపి సంతకం చేసేశాను. లైన్‌మన్ వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంది, మిద్దె మీద ప్యానెళ్లు లేవు. ఆలుమగలిద్దరూ బెంగళూరులో ఏదో బిల్డింగు పనిలో చేరారని పక్కింటాయన చెప్పాడట.

చాలా ఏళ్లకు, రెండు వైపులా లెక్కపెట్టే మీటర్లు మా జిల్లాకూ వచ్చాయి. మొదటిది బిగించిన రోజు మా ఆఫీసు కుర్రాళ్లు ఫొటో దిగుదాం రమ్మన్నారు. నేను వెళ్లలేదు.

తప్పు జరిగితే దిద్దుకోవచ్చని ఉద్యోగంలో చేరిన కొత్తలో నమ్మేవాణ్ని. ఓబులేసు విషయంలో మీటరు సరిగ్గానే ఉంది, ఉత్తర్వు సరిగ్గానే ఉంది, నా సంతకమూ సరైన చోటే ఉంది. అందరం సక్రమంగా పనిచేసి ఆయన్ను ఊరు దాటించాం.