లారీ ఎక్కి కొండకి

తెల్లారేసరికి వస్తుందన్న లారీ ఎండ నడినెత్తికి వచ్చినా జాడ లేదు. చోడవరంలో మాడుగుల పోయే రోడ్డు పక్కన అచ్చియ్యమ్మ బెల్లం మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వస్తాదప్పా, సిమెంటు ఎక్కిస్తన్నారు," అన్నాడు తమ్ముడు పరదేశి. పొద్దుటి నుంచీ ఇదే మాట.

"పెళ్లయినకాడి నుంచి కూకునే ఉన్నాను. ఇంకో పూట కూకోనేనేటి?" అందామె. మాట ఓపికగానే ఉంది కానీ మూట ముడి విప్పుతూ, మళ్లీ కడుతూ ఉంది.

అచ్చియ్యమ్మ పుట్టింది చోడవరంలో కాదు. ఆమె తండ్రి ఉప్పు, ఎండుచేపలు కావిడి మీద పాడేరు కొండల్లోకి మోసి అమ్మేవాడు. దిగడం ఎక్కడం విసుగెత్తి, బొడ్డపుట్టు అనే గూడెంలో పాక వేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వాకిట్లో కొండభాష. అచ్చియ్యమ్మ ఎప్పుడూ వాకిట్లోనే ఉండేది. సుక్రి అనే కొండవాళ్ల పిల్లతో పెద్దల ఎదుట నేస్తం కట్టింది. అలా నేస్తం కట్టినవాళ్లు చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నేస్తమనే పిలుచుకుంటారు. తండ్రి మన్యం జ్వరంతో పోయాక తల్లి పిల్లలిద్దర్నీ తీసుకుని చోడవరం దిగిపోయింది. అప్పటికి పరదేశి చంకబిడ్డ.

తరువాత చెరకు రైతు బంగార్రాజుతో పెళ్లయింది. "ఓసారి కొండకెల్లి నా నేస్తాన్ని సూసొస్తాను మాఁవా" అని ఏటా అడిగేది. "గానుగ అయ్యాక" అనేవాడు బంగార్రాజు. గానుగ అయితే దుక్కులు, దుక్కులయితే నాట్లు, మధ్యలో ఆమె పురుళ్లు. మంచివాడే. కాదని ఎప్పుడూ అనలేదు. అదే ఆమెకి కడుపుమంట. కాదంటే దెబ్బలాడొచ్చు కదా!

ఇప్పుడు కొండ మీదికి రోడ్డు పడుతోంది. పరదేశి ఆ రోడ్డు పనిలో మేస్త్రీ. సిమెంటు లారీలో తీసుకెళ్తానన్నాడు.

ఎట్టకేలకు లారీ వచ్చింది. వడ్డాదిలో ఇంజను కాగిపోయిందని ఆపారు. అడవి గేటు దగ్గర జవాను భోజనానికి వెళ్లాడని ఆపారు. ఘాటీ ఎక్కుతుంటే పరదేశి ప్రతి కల్వర్టూ చూపించి, ఇది నా చేతి మీద కట్టిందే అంటున్నాడు. అచ్చియ్యమ్మకి అవేవీ పట్టలేదు. చిన్నప్పటి కాలిదారి కోసం వెతుకుతోంది. నీళ్లు తాగిన గెడ్డ ఏది? తండ్రి కావిడి దించే బండ ఏది? రోడ్డు కొండని చుట్టుకుంటూ పోతోంది గానీ ఆమె ఎరిగిన చోటు ఒక్కటీ తగలడం లేదు.

బొడ్డపుట్టు కింద లారీ ఆగింది. "సిమెంటు దించగానే ఎల్లిపోవాలమ్మా. సీకటడితే ఘాటీ దిగనేను," అన్నాడు డ్రైవరు దాసు.

ఆమె పరుగులాంటి నడకతో గూడెం ఎక్కింది. సుక్రి వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. జుట్టు నెరిసింది, పళ్లు కొన్ని ఊడాయి. అయినా ఇద్దరికీ ఒకరినొకరు పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. సుక్రి లేచి వచ్చి చేతులు పట్టుకుని గబగబా ఏదో అంది.

అచ్చియ్యమ్మ నోరు తెరిచింది. కొండభాష నోటికి అందలేదు. సగం అర్థమైంది, సగం చెవి పక్కనుంచి పోయింది. జవాబు తెలుగులో వచ్చింది. సుక్రి మొహం చిన్నబోయింది.

రోడ్డు పనికి రాళ్లు మోసి తెలుగు నేర్చిన సుక్రి కోడలు మధ్యలోకి వచ్చింది. "ఇన్నేళ్లు రానేదు, ఇప్పుడు మోటారెక్కి వచ్చేవా అంతంది అత్త."

మొగుడి గానుగలు, పురుళ్లు, పోయిన రెండో బిడ్డ, అన్నీ ఏకబిగిన చెప్పుకుంది అచ్చియ్యమ్మ. కోడలు సుక్రి వైపు తిరిగి రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది.

"నానంత సెప్తే నువ్వింతేనా సెప్పడం?"

"తీరిక నేదన్నావు. అదే సెప్పేను పిన్నీ."

అచ్చియ్యమ్మకి తల బాదుకోవాలనిపించింది. అంతలో కింద హారను మోగింది. పరదేశి రొప్పుతూ ఎక్కి వచ్చాడు.

"పద అప్పా, సూసీసేవు కదా!"

"ఏటి సూసేనురా? రోడ్డేసింది నాను రావడానికా, ఎంటనే ఎల్లిపోడానికా? నాను రాను, పో!"

"బావకేటి సెప్పను?"

"గానుగయ్యాక వస్తానని సెప్పు."

పరదేశి తిట్టుకుంటూ దిగిపోయాడు. లారీ వెళ్లిపోయింది.

ఉండిపోతే భాష దానంతటదే వస్తుందనుకుంది. రాలేదు. నీళ్లు, కుండ, కోడి లాంటి మాటలు ఒక్కొక్కటే తగిలాయి. చెప్పదలుచుకున్నవాటికి మాటలు దొరకలేదు. సుక్రి ఆమెతో చంటిపిల్లతో మాట్లాడినట్టు సాగదీసి మాట్లాడసాగింది. అది మరీ ఒళ్లు మండించింది. ఒకరోజు పసుపు ఉడకబెడుతూ సుక్రి "నీ-ళ్లు-తే" అన్నట్టు చెప్పేసరికి అచ్చియ్యమ్మ చేతిలోని చేట విసిరికొట్టి, నేను పసిపిల్లని కాను, సరిగ్గా మాట్లాడు అని అరిచింది. ఆ అరుపంతా కొండభాషలోనే వచ్చింది, ఎక్కడా తడబడకుండా. సుక్రి పొయ్యి దగ్గర కూలబడి నవ్వింది. ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ, ఎన్నడో పోయిన తన రెండో బిడ్డ సంగతి కొంతవరకు చెప్పగలిగింది. కొంతవరకే.

మర్నాడే ఇంకో లారీలో బంగార్రాజు దిగాడు. గానుగ సగంలో వదిలి వచ్చినవాడి మొహంలా ఉంది అతని మొహం. లారీ పక్కన నిలబడ్డాడంతే. ఆమె గూడెం దిగొచ్చి ఎక్కింది.

ఆ వానాకాలం ఘాటీలో రోడ్డు తెగింది. మరుసటేడు బాగుచేస్తే మళ్లీ తెగింది. "రోడ్డుంది కదా అచ్చియ్యమ్మా, నీకేటి, ఎప్పుడైనా ఎల్లొచ్చు" అని ఇరుగుపొరుగు అంటే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది.

చోడవరం సంతకి కాలిదారిన చింతపండు మోసుకొచ్చే కొండవాళ్లని ఆపి నేస్తానికి కబురు చెప్పేది. తెలుగులో కాదు. వచ్చీరాని కొండభాషలో చెప్పి, వాళ్ల చేత తిరిగి చెప్పించుకునేది. ఒక్క ముక్క తగ్గినా ఒప్పుకునేది కాదు. "ఏదీ, మళ్లీ మొదట్నుంచి సెప్పు" అనేది. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె దారికడ్డం నిలబడేది.