చేట దాకా రాని వెలుతురు

మా అత్తగారు రోజూ చీకటితోనే లేచి, వంటింటి గుమ్మం దగ్గర పీటేసుకుని దేవుడి బియ్యంలో రాళ్ళు ఏరేవారు. మాది గుడి సేవ చేసే ఇల్లు. నైవేద్యం బియ్యం మా పొలంవే, గజపతినగరం మిల్లులో ఆడించినవి, కాబట్టి రాళ్ళకి లోటుండదు. నలభై ఏళ్ళుగా ఆ చేట ఆవిడ ఇంకొకరికి ఇవ్వలేదు.

నేను విజయనగరంలో ఫిజిక్స్ చెబుతాను. ఆ పొగరుతోనే, పొయ్యి మీద గోడకున్న ట్యూబులైటు కొట్టుకుంటోందని పీకించి, అక్కడే ఎల్‌ఈడీ బల్బు పెట్టించాను. వెలుతురు ఎక్కువని డబ్బా మీద రాసుంది. బల్బు కిందే నిలబడి నా పాఠం పుస్తకం చదివి చూశాను. బ్రహ్మాండం.

వారం తిరక్కుండా ప్రసాదంలో రాయి వచ్చింది. కొరికింది మామగారే. ఆయన రాయి తీసి గట్టు మీద పెట్టారు. అత్తగారు దాన్ని కాసేపు చూసి, చేట తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నా కళ్ళు పోయాయమ్మా. దేవుడి బియ్యం ఇంక నువ్వే సూసుకో."

కళ్ళ డాక్టరు బాగానే ఉన్నాయన్నాడు. ఆవిడ నమ్మలేదు. నేనూ నమ్మలేదు, సిగ్గులేకుండా.

నేను పొయ్యి దగ్గర నిలబడి ఏరితే ఒక్క రాయి తప్పేది కాదు. నా చూపు గొప్పదనుకున్నాను. ఆవిడ మాత్రం అలవాటు కొద్దీ లేచి, ఖాళీ చేతుల్తో ఆ పీట మీదే కూర్చునేవారు.

నెల తర్వాత క్లాసులో బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. చుక్కలాంటి దీపమైతే, దూరం రెట్టింపయ్యేసరికి వెలుతురు నాలుగో వంతే మిగులుతుంది. పొడుగాటి గొట్టమైతే, దాని దగ్గర్లో, సగం మిగులుతుంది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న ముక్కే. సుద్దముక్క అక్కడే ఆగింది. బల్బు కింద చదివింది నేను, దానికి అంత దూరాన గుమ్మం దగ్గర కూర్చునేది ఆవిడ.

ఆ సాయంత్రం బస్సులో అందరిచేతా తిట్లు తింటూ నాలుగడుగుల ట్యూబు మోసుకొచ్చి బిగించాను. మర్నాడు చేట ఆవిడ ఒళ్ళో పెట్టి, లోపం కళ్ళది కాదు, నేను పెట్టిన బల్బుదని చెప్పాను. బోర్డు మీద బొమ్మ సంగతీ చెప్పాను. ఆవిడ మూడు రాళ్ళు ఏరి పక్కన పెట్టారు.

"ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ సెప్తన్నావు. నెల్లాళ్ళు నన్ను గుడ్డిదాన్ని సేసి, ఇప్పుడా నాకు సెప్పడం?"

నాలుగో రాయి దొరికింది. అది నా అరచేతిలో పెట్టారు.