కొరివిదెయ్యం కావాలా, బ్రహ్మరాక్షసి కావాలా?

మనవరాలు ఫోన్‌లో రాక్షసుల పోటీకి ఆరుగురిని ఏరుకుంటోంది. నిప్పు కక్కేవాటి పక్కన ఒక మట్టిముద్దను పెట్టింది.

"ఇదెందుకే? కదలనే కదలదు."

"ఇది దెబ్బలు తిని మిగిలినోళ్ళని కాస్తాది తాతా. అందరూ కొట్టేవోళ్ళే అయితే ఓడిపోతాం."

పాతపట్నంలో, కోసిన చేలో మేం ఆడిన చెడుగుడు గుర్తుకొచ్చింది. జట్లు పంచుకోవడానికి ఇద్దరిద్దరం పక్కకెళ్ళి, రహస్యంగా పేర్లు పెట్టుకుని వచ్చేవాళ్ళం. నాయకుడు ఏ పేరు కోరితే ఆ పేరువాడు అతని జట్టులోకి. నా జత సూరిగాడు లావుపాటివాడు, పరిగెత్తలేడు. ఒక జట్టుకు నాయకుడు మా అన్నయ్య. ఆ జట్టులో పడాలని, నేను పెట్టుకున్న పేరు ముందే అన్నయ్య చెవిలో ఊదాను.

"కొరివిదెయ్యం కావాలా, బ్రహ్మరాక్షసి కావాలా?" అని అడిగాం.

నేను కొరివిదెయ్యాన్ని. అన్నయ్య నా కళ్ళలోకి చూస్తూనే "బ్రహ్మరాక్షసి" అన్నాడు.

నేనంటే ఇష్టం లేదనుకున్నాను. ఆ రాత్రి అన్నయ్య పక్కన అన్నానికి కూర్చోలేదు.

"ఒరే, కూతకెళ్ళడానికి నేనున్నాను కదా. ఇద్దరం కూతకే ఎల్తే కాలట్టుకునేదెవులు?" అన్నాడు. అది నాకు సాకులాగే వినిపించింది.

కొన్నేళ్ళకు నాన్న పోయారు. అన్నయ్య కాలేజీ మానేసి నాగలి పట్టాడు. "నువ్వు సదువుకెల్లు. ఇక్కడ నేను పట్టుకుంటాను" అన్నాడు. అన్నయ్యకు పొలమే ఇష్టం కాబోలనుకుని శ్రీకాకుళం బస్సెక్కాను.

ఇప్పుడు అన్నయ్య లేడు.

"ఈ మట్టిముద్దకి పేరెట్టు తాతా" అంది మనవరాలు.

అన్నయ్య పేరు చెప్పాను.