పాలమూరు ఆపరేటర్ ఎడమ కాలు

పోస్టుకు చేరేసరికి సాయంత్రం నాలుగుంబావు. పదిహేడు వేల అడుగుల ఎత్తు. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఫిబ్రవరి నెల. అప్పుడు నేను హవల్దారును, నా కింద తొమ్మిది మంది. లడఖ్ కొండల్లో రెండు రోజులు, రోజుకు పదకొండు గంటలు, ట్రక్కులో కూర్చుని వచ్చాం.

ఆ కూర్చోవడం సంగతి చెప్పాలి. సాగర్ కాలువ కింద మా హాలియా నుంచి తిరుపతికి బస్సెక్కితేనే మా ఊరివాళ్లు నడుము పోయిందంటారు. ట్రక్కులో సామాన్ల మధ్య ఇరుక్కుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. కాళ్లకు మందపాటి బూట్లు, బిగించిన లేసులు. మూడు గంటలకోసారి కాన్వాయ్ పావుగంట ఆగేది. అందరూ దిగి నడవాలి, నీళ్లు తాగాలి. అది పైనుంచి వచ్చిన ఆర్డరు. ఒక్కడి విషయంలో మాత్రం దాన్ని నేను మార్చాను.

వాడు మా రేడియో ఆపరేటర్. ఇరవై నాలుగేళ్లు, మక్తల్ దగ్గర పల్లె. "సెట్టు ఇడిచి దిగకు" అన్నాను. రెండు రోజులూ బండి ఆగిన చోట వాడు దిగలేదు. పావుగంట సేపు ఇంకొకణ్ణి సెట్టు దగ్గర కూర్చోబెడితే నా సొమ్మేం పోయేది? ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మర్నాడు పొద్దున ఆరింటికి బంకర్‌లో వాడి ఎడమ కాలు బూటులో పట్టలేదు. పిక్క ఉబ్బింది, చెయ్యి పెడితే వేడి. కుడి కాలు మామూలుగానే ఉంది.

"పట్టేసినట్టున్నది సార్. ఫికర్ జెయ్యకుర్రి" అన్నాడు.

మా ఇంట్లో ఏ కాలు వాచినా అమ్మ నూనె కాచి రుద్దేది. నేనూ స్టవ్ మీద ఆవనూనె వెచ్చచేశాను. రెండు చేతులకూ రాసుకుని వాడి పిక్క మీదికి వంగాను.

"హాథ్ మత్ లగావ్, ఉస్తాద్!"

ముట్టుకోవద్దంటూ మా పోస్టు నర్సింగ్ అసిస్టెంట్ నా మణికట్టు పట్టి పక్కకు లాగాడు. హిందీలో గబగబా చెప్పుకుపోయాడు. గంటల తరబడి కాలు కదపకుండా కూర్చుంటే లోపల రక్తం గడ్డకట్టొచ్చట. ఇంత ఎత్తులో, అందులోనూ నీళ్లు తాగకపోతే, ఆ ముప్పు మరీ ఎక్కువట. రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. చేరితే మనిషి దక్కడం కష్టం. నూనె చేతులు ప్యాంటుకే తుడుచుకున్నాను.

సెట్టు నేనే అందుకున్నాను. కింద బేస్ నుంచి డాక్టర్ మాట్లాడాడు. "నడవనీయొద్దు. మందుల పెట్టెలో ఉన్న, గడ్డ పెరగనీయని ఇంజెక్షన్ ఇవ్వండి. మంచు ఆగితే హెలికాప్టర్ పంపుతాం."

"ఎప్పుడు ఆగుతుంది సార్?" అని అడిగాను. నర్సింగ్ అసిస్టెంట్ ఇంజెక్షన్ ఇచ్చాడు.

కూర్చున్నాం. పది అయింది. పదకొండు అయింది. మంచు పడుతూనే ఉంది.

"బండిల నీళ్లన్న తాగినవారా?" అని వాణ్ణి అడిగాను.

"లే సార్. చిన్నగున్నప్పటి సంది అలవాటు. అమ్మోళ్ల ఎంబడి బొంబాయికి మట్టిపనికి పోతుంటి. బస్సు ఆపుమంటే డ్రైవర్ తిడుతుండె. ఎక్కంగనే అమ్మ చెప్తుండె, నీళ్లు ముట్టకు బిడ్డా, దిగినంక తాగుదువని." కొంచెం నవ్వాడు. "సాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగినోళ్లు, మీకేం ఎరుక సార్!"

ఆ స్థితిలో కూడా నాతో పరాచికాలు! నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది.

"నాకేమన్న అయితే అమ్మకు మీరే ఫోన్ జెయ్యుర్రి. వేరేటోళ్ల హిందీ ఆమెకు సమజ్ గాదు."

"నోరు మూస్కో." వాడి మీద రజాయి సరిచేస్తూ అన్నాను. "దిగొద్దన్నది నేనే గద బిడ్డా. తప్పు నాది."

"మీరన్నరని గాదు సార్. చలికి దిగబుద్ధిగాలే."

అబద్ధం. నన్ను ఓదార్చడానికి ఆడిన అబద్ధం. వాడి తల నా ఒళ్లోకి తీసుకోవాలనిపించింది, తీసుకున్నాను.

రెండూ ఇరవైకి మబ్బు విడిచింది. హెలికాప్టర్ దిగి, వాణ్ణి ఎక్కించుకుని నాలుగు నిమిషాల్లో వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి ప్రయాణంలోనూ నేను మావాళ్ల ప్రాణం తీశాను. గంటకోసారి పాదం ముందుకీ వెనక్కీ ముప్పైసార్లు ఆడించాలి. మడమలు ఎత్తి దించాలి. లేసులు వదులు చేసుకోవాలి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతూ ఉండాలి. ఆగిన చోటల్లా అందరూ దిగాల్సిందే, సెట్టు కాపలాకు వంతులు. "ఉస్తాద్ డాన్స్ నేర్పుతున్నాడు" అని నవ్వేవాళ్లు. నవ్వనీ, నాకేం!

అక్టోబర్‌లో మా డ్యూటీ అయిపోయింది. ఇంటికి పోకుండా ముందు మహబూబ్‌నగర్‌లో రైలు దిగి వాడి పల్లెకు పోయాను. వాడు సెలవులో ఉన్నాడు. ఇంకా మాత్రలు వేసుకుంటున్నాడు. నన్ను చూసి గడపలోకి నడిచి వచ్చాడు, రెండు కాళ్లతో. ఆ నడక చూస్తే నా గుండె నిండింది.

నేను వస్తున్నానని తెలిసి వాళ్లమ్మ బొంబాయి నుంచి ఆ పొద్దునే బస్సు దిగిందట. పాదాలు రెండూ చీలమండల దాకా వాచి ఉన్నాయి. వాడు ఆమెను మంచం మీద పండబెట్టి, మడమల కింద బొంత మడిచి పెట్టాడు.

"రెండు కాళ్లు ఒక్కతీరుగనే వాచినయి సార్, నా లెక్క ఒక్కటే గాదు, నొప్పి లేదంటాంది. అయినా దవాఖాన్ల సూపిస్త."

ఆమె నన్ను చూసి లేవబోయింది. "సారూ, నా కొడుకు పానం కాపాడింది నువ్వేనంట గద!"

తలెత్తి వాడివైపు చూశాను. బండి దిగొద్దన్నది నేనేనని వాడు ఇంట్లో చెప్పలేదు. చెబుదామని నేను నోరు తెరిస్తే, తల్లి వెనక నిలబడి వద్దన్నట్టు తల ఆడించాడు.

ఇన్నేళ్ల సర్వీసులో ఎన్ని చూడలేదు! ఏదీ నన్ను ఈ ఒక్క దృశ్యంలా గట్టిగా పట్టుకోలేదు. నా కాళ్లు మొక్కడానికి, వాచిన ఆ పాదాలు నేలకు ఆనించి మంచం దిగుతున్న తల్లి.