లీటరుకు నాలుగున్నర

నామక్కల్లో నూట పది లారీలున్న రత్నవేలు ఖర్చులు తగ్గించడంలో ఘనుడు. ముందు క్లీనర్లను మాన్పించాడు. తర్వాత అరిగిన టైర్లకే మళ్లీ రబ్బరు అతికించి తిప్పాడు. ఇక కోత పెట్టడానికి డీజిలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయుధపూజ నాడు బండ్లన్నిటికీ దండలు వేయించి, డ్రైవర్లందరి ముందూ నాచిముత్తును పిలిచి ఒక గ్రైండరు బహుమానంగా ఇచ్చాడు.

"లోడు బండికి లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు తెచ్చాడు. వీడూ మీలాగే అన్నం తింటున్నాడు కదా! వచ్చే నెల నుంచి అందరికీ ఇదే లెక్క. తగ్గితే ఆ డీజిలు డబ్బు మీ రోజు బత్తాలోంచే కోత."

నాచిముత్తు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ గ్రైండరు తీసుకెళ్లి చెల్లెలు అరుక్కాణికి ఇచ్చాడు. ఆమె మొగుడు పొన్నుసామి కూడా రత్నవేలు బండే తోలతాడు.

"గ్రైండరిచ్చి నా నోట్లో మట్టి కొట్టావు బావా," అన్నాడు పొన్నుసామి. "నాకు నాలుగు దాటి చావదు. నీకెలా వస్తోంది?"

"తొప్పూరు కొండ ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలెయ్. బండి దానంతటదే జారుతుంది, డీజిలు తాగదు."

"ముప్పై టన్నుల ఇనుముతోనా? గేరు పట్టు లేకుండా ఆపితే బ్రేకులు కాలిపోవూ?"

"ఇరవై రెండేళ్లలో నాకు కాలాయా? పిరికి సన్నాసీ!"

కాలాయి. రెండుసార్లు చక్రాలు పొగలు కక్కితే, బండిని మట్టిగుట్ట మీదికి ఎక్కించి చచ్చీచెడీ బయటపడ్డాడు. ఆ ముక్క మాత్రం నోరు జారనివ్వలేదు. నలుగురిలో గ్రైండరు అందుకున్న మొనగాడు అలాంటివి ఎందుకు చెబుతాడు!

నెల తిరక్కుండానే పొన్నుసామి లారీ ఘాటు రెండో మలుపులో లోయలో పడింది. గేరు న్యూట్రల్‌లోనే ఉందని బండిని పైకి తీసినవాళ్లు చెప్పారు.

పొన్నుసామి కర్మ రోజున రత్నవేలు వచ్చి కాసేపు కూర్చున్నాడు. "న్యూట్రల్ వేయకూడదని షెడ్డులో బోర్డు పెట్టిస్తున్నా," అన్నాడు.

నాచిముత్తు అతని వెంట గుమ్మం దాకా నడిచాడు. "ఆ నాలుగున్నర తీసెయ్యండి సార్. అది నాకు న్యూట్రల్‌లోనే వచ్చింది. గేరులో దిగితే ఎవడికీ రాదు."

"ఆ మాట నువ్వు అనలేదు, నేను వినలేదు," అంటూ రత్నవేలు చెప్పులు తొడుక్కున్నాడు. "లెక్క లెక్కే."

థూ, వీడి బతుకు! అయినా వీణ్ణి అని ఏం లాభం? నాచిముత్తు లోపలికి తిరిగాడు. చెప్పకుండా ఈ ఇంట్లో ఇంకో మెతుకు తినలేననుకుని, పెరట్లో గిన్నెలు తోముతున్న చెల్లెలి దగ్గరికి వెళ్లాడు.

"అరుక్కాణీ, ఆ న్యూట్రల్ సంగతి పొన్నుసామికి చెప్పింది నేనేనమ్మా."

తిడుతుందనుకున్నాడు. గిన్నె ఎత్తి నెత్తిన కొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"తెలుసన్నా. ఆయన నాతో చెప్పాడు. భయంగా ఉందే, నేనలా తోలను, బత్తా పోతే పోయిందన్నాడు. మా అన్న చెప్పాడంటే తప్పుండదు, మగాడివై ఉండి ఆ భయమేంటని నేనే పంపించాను."